రాగిరేకు నుంచి హార్డ్ డిస్క్ దాకా

విష్ణుకుండిన రాజు విక్రమేంద్రవర్మ చిక్కుళ్ల శాసనం వెలువడిన లెందులూరే నేటి దెందులూరని చరిత్రకారులు గుర్తించారు. రాజుగారి మాటను రాగిరేకుల మీద చెక్కి, కడియానికి గుచ్చి, ముద్ర వేశారు. దాదాపు 1500 ఏళ్ల తర్వాత కూడా ఆ మాట చదువుకోగలుగుతున్నాం.

ఆ చెక్కినవాడికి ఇవాళ వారసుడెవరంటే పెళ్లి ఫోటోగ్రాఫర్‌నే చూపిస్తాను. మూడు ముళ్లు మళ్లీ వేయించలేం కదా! అందుకే పనితెలిసినవాడు ఫోటోలను రెండు వేర్వేరు డిస్కుల్లోకి దింపి, తెరిచి చూసుకున్నాకే కెమెరా కార్డు చెరుపుతాడు. దీనికో సూత్రం ఉంది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరేచోట. ఈ సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చిన పీటర్ క్రోగ్ కూడా ఫోటోగ్రాఫరే.

మన ఇంటి కంప్యూటర్‌కీ ఆ జాగ్రత్తే దారి. లోపల పళ్లెం తిరిగే హార్డ్ డిస్క్ చవక, ఎక్కువ పడుతుంది. కిందపడితే మాత్రం కష్టం. ఎస్‌ఎస్‌డీ దెబ్బలకు ఓర్చుకుంటుంది గానీ, కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేయకూడదు. ఏదైనా ఒకనాటికి ఆగిపోయేదే. కాబట్టి ఖరీదైనది ఒక్కటి కన్నా మామూలువి రెండు మేలు. ఒకటి దెందులూరులో ఉంటే రెండోది తాడేపల్లిగూడెం చుట్టాలింట్లో. కొల్లేటి వరద చూసినవాళ్లకు, విత్తనాలన్నీ ఒకే గాదెలో పోయొద్దని వేరే చెప్పాలా?