ప్రహ్లాదుని నోట ఎవరి మాట?

ఈ గల్ఫ్ సీమలో పిల్లల చేత తెలుగు నాటకం ఆడించదలచిన పెద్దలు తరచుగా ప్రహ్లాద చరిత్రనే ఎన్నుకొంటారు. ఎన్నిక మంచిదే. నాయకుడు బాలుడు, గద, కిరీటం, అట్టతో చేసిన స్తంభం ఉంటే రంగం సిద్ధమవుతుంది. ఇటీవల దుబాయిలో మేము చూసిన ప్రదర్శనలో నరసింహుని వేషం నిజంగా ముచ్చట గొలిపింది. అయితే సంభాషణలన్నీ పెద్దలు ముందుగా రికార్డు చేసినవే. పిల్లలు పెదవులు మాత్రమే కదిపారు.

ఆ కథలో ఉన్నదేమిటి? చండామార్కులు నేర్పిన పాఠం అప్పజెప్పమని తండ్రి అడిగితే, బాలుడు తన మనసులోని మాట చెబుతాడు. చిలుకపలుకులు పలకనన్న పిల్లవాని కథను, ఇతరుల గొంతుకు పెదవులు కదిపే పిల్లలతో ఆడించడం కథకే విరుద్ధమని మా అభిప్రాయం.

ఉచ్చారణ చెడుతుందన్న భయమే ఇందుకు కారణమంటారు. 1932లో హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నాటికి నేపథ్యగానం లేదు. సురభి కమలాబాయి మొదలైనవారు తమ గొంతుతోనే పలికారు, పాడారు. సురభి వారి పిల్లలు నాటకాల నడుమ పెరిగినవారు, వారానికి ఒక గంట తెలుగు వినే మన పిల్లలకు వారితో పోలిక తగదు. నిజమే.

గత సంవత్సరం ఇదే కథను మా తరగతిలో అభ్యాసం చేయించాము. ఏడేళ్ళ ప్రహ్లాదునికి మాటలు ఇంగ్లీషు లిపిలో రాసి ఇచ్చాము. తప్పు మాదే. ఆ లిపిలో కల, కళ ఒకటే అయిపోతాయి. ‘కలడు’ అన్న మాట వద్ద ఆగి ఆ బాలుడు, “మాస్టారూ, స్తంభానికి కల వచ్చిందా?” అని అడిగాడు. అందరూ నవ్వారు. కాని అభ్యాసాలు మొదలైన తరువాత అర్థం కోసం మాకు ఎదురైన మొదటి ప్రశ్న అదే. ‘కలడు’ అంటే ‘ఉన్నాడు’ అని చెప్పగానే అతని చేయి తనంత తానే స్తంభం వైపు చాచుకొన్నది. అంతవరకు మేము ఎన్నిసార్లు చూపించినా ఆ చేయి నడుము మీద నుండి కదలలేదు.

మా పూర్వీకులు 19వ శతాబ్దంలో ఒప్పంద కూలీలుగా మారిషస్ చేరారు. మా ఇంట రామభజన పాటలు నిలిచాయి, అర్థం జారిపోయింది. సాయంకాలపు తరగతిలో అక్షరాలు దిద్దుకొన్న తరువాత గాని ఆ పాటలలో ఏమున్నదో మాకు తెలియలేదు. రికార్డుకు పెదవులు కదిపే పిల్లలను చూస్తే మాకు ఆ ఇల్లే గుర్తు వస్తుంది.

పద్యాలు రికార్డు మీద వినిపిస్తే మాకు అభ్యంతరం లేదు. రాగం తీయడం చిన్నపిల్లలకు భారమే. సంభాషణలు మాత్రం పొట్టి వాక్యాలుగా, వారి నోట పట్టేటట్లు తిరిగి రాయాలి. నాటకం సగానికి తగ్గితే తగ్గనీయండి. ‘ళ’ కారం ‘ల’ కారమైతే కానీయండి. మా అట్ట స్తంభం ఇంకా భద్రంగానే ఉంది. ఈసారి కావలసినవి మరి రెండు మైకులు.