వాడేదో చేసే వుంటాడు

మా బాబాయి వరసయ్యే ఒకాయన మా వూరి ఆసామి దగ్గర పాలేరుగా వుండేవాడు. నేను అయిదో తరగతిలో వుండగా ఆయన్ని వేపచెట్టుకు కట్టి కొట్టారు. ఆసామి కూతురి వంక చెడ్డగా చూశాడంట. ఆ రాత్రి మా మాదిగపల్లె అంతా ఏడ్చింది. ఏడుస్తూనే ఒక మాటంది: "వాడేదో చేసే వుంటాడు. వూరకే కొడతారా?" మా అమ్మా అదే అంది. నేనూ అదే నమ్మాను. డిగ్రీ చదివి, మా యింట్లో మొదటి టీచర్నయ్యాక కూడా నమ్ముతూనే వున్నాను.

ఆ నమ్మకాన్ని పగలగొట్టింది ఐడా బి. వెల్స్. అమెరికాలో నల్లజాతి స్త్రీ, టీచరు, పత్రికా రచయిత్రి. ఆమె ఆత్మకథ 'క్రుసేడ్ ఫర్ జస్టిస్'ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు నెలలు చదివాను.

ఐడా 1862 జూలై 16న మిసిసిపీ రాష్ట్రంలో హాలీ స్ప్రింగ్స్ అనే వూళ్ళో బానిసల బిడ్డగా పుట్టింది. 1878లో ఎల్లో ఫీవర్ వచ్చి అమ్మా నాన్నా పోయారు. అప్పటికి ఆమెకి పదహారేళ్ళు. తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ తలా ఒకరికీ పంచేద్దామని పెద్దలంటే ఒప్పుకోలేదు. పంతులమ్మయి వాళ్ళని సాకింది. తర్వాత మెంఫిస్ చేరింది. రైల్లో ఆడవాళ్ళ పెట్టెకి టికెట్ కొనుక్కుని కూర్చుంటే కండక్టర్ చెయ్యి పట్టి లాగాడు. ఆ చేతిని కొరికింది. రైలు కంపెనీ మీద దావా వేసింది. 1884లో కోర్టు 500 డాలర్లు ఇప్పించింది. 1887లో టెనెసీ సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. కోర్టులు ఎవరివో ఆమెకి అప్పుడే తెలిసింది.

అంత తెగువ వున్న మనిషి కూడా ఒక అబద్ధాన్ని నమ్మింది. అక్కడే ఈ పుస్తకం నన్ను పట్టుకుంది. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళు గుంపుగా వచ్చి నల్లవాళ్ళని చెట్లకు ఉరేసేవాళ్ళు, కాల్చేసేవాళ్ళు. దాన్నే లించింగ్ అంటారు. ఎందుకయ్యా అంటే, తెల్ల ఆడదాన్ని చెరిచాడు అనేవాళ్ళు. చంపడం తప్పే గానీ చచ్చినవాడు అందుకు తగినవాడేమో అని తానూ అనుకున్నానని ఐడా దాచకుండా రాసుకుంది. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. మా వేపచెట్టు గుర్తొచ్చింది.

ఆమె కళ్ళు తెరిపించింది 1892 మార్చి 9. ఆమె స్నేహితుడు థామస్ మాస్, ఇంకో ఇద్దరూ కలిసి మెంఫిస్‌లో 'పీపుల్స్ గ్రోసరీ' అని కిరాణా కొట్టు నడిపేవాళ్ళు. అంతకుముందు అక్కడ బేరమంతా ఒక తెల్లవాడిది. తగాదా పెట్టారు, కాల్పులయ్యాయి, ముగ్గుర్నీ జైల్లో పెట్టారు. గుంపు జైల్లోంచి వాళ్ళని లాక్కెళ్ళి కాల్చి చంపింది. ఆ ముగ్గురి మీదా ఆడదాని వూసే లేదు. కొట్టు పెట్టుకోవడమే వాళ్ళ నేరం.

అప్పుడామె చేసిన పని మన రచయితలూ కార్యకర్తలూ నేర్చుకోవాల్సిన పని. చోటుచోటుకీ పోయి విచారించింది. తెల్లవాళ్ళ పత్రికలు తామే అచ్చేసిన లెక్కలు ముందేసుకుంది. అంతకుముందు ఎనిమిదేళ్ళలో లించింగ్‌కి బలైన 728 మందిలో చెరిచాడన్న ఆరోపణ కూడా మూడోవంతు మంది మీదే వుంది. ఆ మూడోవంతులో నిరపరాధులెందరో వేరే చెప్పాలా! మిగతావాళ్ళ మాటేమిటి? 1892లో 'సదరన్ హారర్స్', 1895లో 'ఎ రెడ్ రికార్డ్' అనే చిన్న పుస్తకాల్లో ఇదంతా పెట్టింది. నల్లవాళ్ళ మాట అబద్ధమంటారు సరే, మీ పత్రికలూ అబద్ధమేనా అని నిలదీసింది. అవతలోడి చేతికర్రతోనే అవతలోణ్ణి కొట్టడమంటే ఇదీ.

దీనికి ఆమె కట్టిన వెల తక్కువ కాదు. 1892 మేలో, ఆమె వూళ్ళో లేనప్పుడు, 'ఫ్రీ స్పీచ్' పత్రిక ఆఫీసుని ధ్వంసం చేశారు. తిరిగొస్తే చంపుతామన్నారు. ఆ పత్రికని ఆమె గులాబీరంగు కాగితం మీద అచ్చేయించేది. చదువురాని తనవాళ్ళు రంగు చూసి తమ పత్రికని గుర్తుపట్టాలని. ఈ సంగతి చదివినప్పుడు బస్సు బోర్డు చదవలేక, రంగు చూసి బస్సెక్కే మా అమ్మ కళ్ళముందు కొచ్చింది.

ఆత్మకథగా ఈ పుస్తకంలో లోట్లున్నాయి. సభలు, తీర్మానాలు, ఉత్తరాలు పేజీలకు పేజీలు. ఇల్లూ వాకిలీ, కన్నీళ్ళూ తక్కువ. మన స్వీయకథల్లో ఆకలి ముందొస్తుంది, ఆమె పుస్తకంలో సాక్ష్యం ముందొస్తుంది. మొదట నాకు నచ్చలేదు. కానీ ఆమె మాట నమ్మని లోకానికి ఆమె కన్నీళ్ళు మాత్రం ఏం పడతాయి? అందుకే లెక్క చూపించింది. నేను ఒప్పుకోలేనిది ఇంకొకటి. 1893లోనూ 1894లోనూ బ్రిటన్ పోయి, అమెరికా సిగ్గుపడేలా బ్రిటిష్ వాళ్ళ ముందు మాట్లాడింది. ఆమెని పిలిచిన కేథరిన్ ఇంపే నడిపిన పత్రిక పేరు 'యాంటీ కాస్ట్'. మన కులం మాటే వాళ్ళ పోరాటానికి పేరయింది. మా తాతలు మాత్రం ఆ బ్రిటిష్ పాలన కిందే, ఆసాముల కొట్టాల్లో పేడ ఎత్తుతున్నారు. ఆ దొరల న్యాయబుద్ధి మీద ఆమె పెట్టుకున్నంత ఆశ నేను పెట్టుకోలేను.

విచారణ జరిపించండి, చట్టం ముందు నిలబెట్టండి అన్నది ఆమె ప్రధాన కోరిక. మనకి విచారణా జరిగింది. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదాతో మొదలై, 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. 1887లో ఐడా చూసిన తీర్పుకీ దీనికీ దూరమెంత?

పుస్తకం చదివాక సెలవులకి వూరెళ్ళి, ఆ బాబాయి భార్యని అడిగాను. "అమ్మాయి లేదు, ఆవకాయ లేదు. రెండేళ్ళ జీతం బాకీ అడిగాడు మీ బాబాయి. అందుకు కట్టేశారు" అంది పిన్ని. "అప్పుడే చెప్పకపోయావా?" అన్నాను. "ఎవరడిగారే నన్ను?" అంది. ఇరవయ్యేళ్ళకు పైగా మా పల్లెలో ఒక్కరం కూడా అడగలేదు.

ఇంకో సంగతి. నేను పనిచేసిన ఒక బడిలో మధ్యాహ్న భోజనానికి మా పిల్లల్ని వేరే వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. దాని మీద పత్రికకి రాశాను. పేరు పెట్టలేదు, 'ఒక ఉపాధ్యాయురాలు' అని పెట్టాను. ఉద్యోగం పోతే ఎట్టా బతుకుతావే అని అమ్మ భయపడింది. నేనూ భయపడ్డాను. ఐడా భయపడలేదనుకున్నారా? 1891లో మెంఫిస్‌లో నల్లపిల్లల బడుల దుస్థితి మీద రాసేటప్పుడు, నీ పేరు పెట్టు అని పత్రికలో భాగస్వామి అయిన పాస్టర్ని అడిగింది. ఆయన పెట్టనన్నాడు. అయినా వేసింది. ఉద్యోగం పోయింది. ఏ పిల్లల కోసం రాసిందో వాళ్ళ తల్లిదండ్రులే, తీసేస్తారని తెలిసీ ఎందుకు రాశావమ్మా అన్నారు. అన్నిటికన్నా అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

ఆమె 1931 మార్చి 25న చికాగోలో చనిపోయింది. ఆత్మకథ వాక్యం మధ్యలో ఆగిపోయింది. కూతురు ఆల్ఫ్రెడా దాన్ని సరిచేసి తెచ్చేసరికి 1970 అయింది. పులిట్జర్ వాళ్ళు ఆమెని గౌరవించింది 2020లో. లించింగ్‌ని నేరంగా చేస్తూ అమెరికా కేంద్రచట్టం తెచ్చింది 2022లో. అంత ఆలస్యంగా వచ్చిన గౌరవాల కోసం ఆమె రాయలేదు. వాడేదో చేసే వుంటాడు అన్న మాటని తనవాళ్ళ నోట్లోంచి ముందు తీసెయ్యాలని రాసింది.

విద్యార్థులారా, మీ వూళ్ళో కూడా ఒక వేపచెట్టు వుంటుంది. ఇంటికెళ్ళి మీ పిన్నిని అడగండి. మా పిన్ని చెప్పింది నేను రాశాను. ఈసారి నా పేరు పెట్టే రాశాను.