ఆరు కోట్ల గూఢచారి

సింగపూర్‌లోని సెంబవాంగ్‌లో వీధి పేర్లు చదువుతుంటే పాత నౌకాదళ పటం విప్పినట్టుంటుంది. మాల్టా క్రెసెంట్, జిబ్రాల్టర్ క్రెసెంట్, డర్బన్ రోడ్. బ్రిటిషువాళ్లు ఇక్కడి నౌకా స్థావరంలో ఆరో జార్జి పేరిట పెద్ద డాక్‌ను 1938 ఫిబ్రవరిలో తెరిచారు. నాలుగేళ్లు తిరిగేసరికి సింగపూర్ జపాన్ చేతికి పోయింది. నిజంగానే రహస్యాలు దాచిన ఊరు. అలాంటి ఊళ్లో, సర్కారు కట్టిన ఓ హెచ్‌డీబీ ఫ్లాట్ హాల్లో, శనివారం రాత్రి పులిహోర తింటూ మేం గూఢచారి సినిమాల మీద పోట్లాడుకుంటాం.

ఈసారి గొడవ 2018 ఆగస్టు 3న వచ్చిన ‘గూఢచారి’ మీద. ‘రిచ్‌నెస్ లేదు బావా, యావరేజ్’ అని ఒకడు. ‘ఫస్టాఫ్‌లో ఆ లవ్ ట్రాక్ ల్యాగ్’ అని ఇంకొకడు. వదిన మాత్రం ‘మీకు హెలికాప్టర్ లేకపోతే సినిమా కాదు’ అని తేల్చేసింది. నేను వదిన పక్షం. ఎందుకో చెప్పాలంటే పనితనం గురించి మాట్లాడాలి.

ఈ సినిమాకి సుమారు 6 కోట్లు అయిందని అప్పట్లో చెప్పుకున్నారు. గూఢచారి సినిమాకి అది చిల్లర. కథ రాసుకున్న అడివి శేషే హీరో. శశికిరణ్ తిక్కకి దర్శకుడిగా మొదటి సినిమా. చేతిలో డబ్బు లేనప్పుడు ఉన్నట్టు నటించడం ఒక పద్ధతి; లేకపోవడాన్ని కథలోనే కలిపేయడం ఇంకో పద్ధతి. వీళ్లు రెండోది ఎంచుకున్నారు. హీరో చేరే ‘త్రినేత్ర’ ఎవరికీ తెలియకుండా పనిచేసే చిన్న సంస్థ. దానికి గాజు మేడలు ఉంటేనే అనుమానించాలి. ఇరుకు గదులు, నడవాలు, నలుగురైదుగురు మనుషులు చాలు. షానీల్ దేవ్ కెమెరా ఆ ఇరుకునే పట్టుకుంది. శ్రీచరణ్ పాకాల నేపథ్య సంగీతం, తెర మీద లేని పెద్దతనాన్ని చెవిలోంచి ఎక్కిస్తుంది. అబ్బూరి రవి మాటలు పొదుపు. సుప్రియ యార్లగడ్డ 1996లో నాయికగా వచ్చి, ఇరవై ఏళ్లకు పైగా కనబడక, ఇందులో పై అధికారిణిగా తిరిగొచ్చింది. గొంతు పెంచకుండా ఆజ్ఞాపించే మనిషి కావాలంటే అలాంటి ముఖమే కావాలి, మనం అలవాటుపడని ముఖం.

చూడనివాళ్లు రెండు పేరాలు దాటేయండి.

లవ్ ట్రాక్ ల్యాగ్ అన్నవాడిని నేను తప్పుపట్టను. ఆ సీన్లు అలా కనిపించాలనే తీశారు. తెలుగు సినిమాలో హీరోయిన్ ఓ అరగంట నవ్వి, రెండు పాటలు పాడి వెళ్లిపోతుందని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఆ అలవాటునే ముసుగుగా వాడుకున్నారు. శోభితా ధూళిపాళ పాత్ర హీరో మీద పన్నిన వలలోని దారమే అని తెలిసినప్పుడు, మోసపోయింది హీరో ఒక్కడే కాదు. ‘ఇదంతా మామూలే’ అనుకుని ఫోన్ చూసుకున్న మనమూ.

దానికంటే నాకు నచ్చింది పేర్ల సంగతి. గూఢచారులకు మారుపేరు ఉద్యోగంలో చేరాక వస్తుంది. హీరో గోపికి చిన్నప్పుడే వచ్చింది. గోపిని కాపాడటానికి ప్రకాశ్ రాజ్ పాత్ర అతణ్ని అర్జున్‌గా పెంచుతుంది. అంటే మారువేషమే అతని బతుకు. చనిపోయాడనుకున్న తండ్రి కోసం దేశసేవలోకి వెళ్లాలనుకున్నవాడు, చివరికి వేటాడాల్సింది ఆ తండ్రినే. జగపతిబాబు కనబడగానే ‘ఊహించేశా’ అన్నాడు మావాడు. ఊహించవచ్చు. కానీ ఊహించాక కూడా కొడుకు ఏం చేస్తాడో చూడాలనిపించడం రచన బలం.

హీరోకి ఇచ్చిన ఏజెంట్ సంఖ్య 116 వెనక పాత బాకీ ఉంది. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’ చేశారు, జయలలిత నాయిక. దానికి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ మరుసటి ఏడాదే అదే కథను జితేంద్రతో హిందీలో ‘ఫర్జ్’గా తీశారు. పెళ్లిళ్లలో నూట పదహార్లు చదివించే జాతికి అంతకంటే నప్పే గూఢచారి నంబరు దొరుకుతుందా!

కూర్పు మాట చెప్పకపోతే అన్యాయం. గ్యారీ బీహెచ్ కత్తెర ఈ సినిమాను పరుగెత్తించింది. ఎక్కువ చూపిస్తే డబ్బు లేని సంగతి బయటపడే చోటల్లా ఒక్క క్షణం ముందే కోసేశాడు. అదే గ్యారీ 2023లో నిఖిల్‌తో ‘స్పై’కి దర్శకత్వం వహిస్తే మా హాల్లో ఒక్కరూ వెనకేసుకురాలేదు. ఆ ఏడాదే వచ్చిన ‘ఏజెంట్’ సంగతి చెప్పక్కర్లేదు; పూర్తి స్క్రిప్టు చేతిలో లేకుండా మొదలుపెట్టడమే పొరపాటని నిర్మాతే బయటికి ఒప్పుకున్నారు. రెంటికీ ఖర్చు దీనికన్నా చాలా ఎక్కువ.

లోపాలు లేవనను. చిట్టగాంగ్ భాగంలో శత్రువులు మరీ తేలిగ్గా పడిపోతారు. వెన్నెల కిశోర్ జోకులు కొన్ని వేరే సినిమాలోంచి వచ్చినట్టుంటాయి.

పదకొండు దాటాక కిందికి దిగి ఇక్కడి కాఫీ ‘కోపీ’ తాగొచ్చాం. పైకొచ్చేసరికి, ల్యాగ్ అన్నవాడు రిమోట్ పుచ్చుకుని ఫస్టాఫ్‌కి వెనక్కి తిప్పుతున్నాడు. ‘ఆ అమ్మాయి మొదటిసారి కనబడినప్పుడు ఎటు చూస్తోందో చూద్దాం, ఉండండి’ అన్నాడు.