దోస్తు కొన్న చాకు

కత్తుల మీద మక్కువ ఉన్నవాళ్లకు స్నేహితుల ఇళ్లలో ఒక ఘట్టం తప్పదు. చాయ్ తాగి లేవబోతుంటే "ఆగు, నీకొకటి చూపియ్యాలె" అని ఇంటాయన లోపలికి పోయి అట్టపెట్టె ఒకటి పట్టుకొస్తాడు. అందులో కొత్త చాకు ఉంటుంది. దాన్ని మన ముందు పెట్టి మన ముఖంలోకి చూస్తాడు. మూడొందలదో ఐదొందలదో అని మనకు చూడగానే తెలిసిపోతుంది. బ్లేడు పలుచన, పిడి ప్లాస్టిక్కు, పిడి మీది రివెట్లు అచ్చుపోసిన బొమ్మలు. అప్పుడు మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఎట్లా ఉండాలన్నదే ఈ వారం నేను రాయదలచుకున్నది.

ఎందుకంటే సరిగ్గా ఆ మాట దగ్గరే కత్తులు తెలిసినవాళ్లు చాలామంది స్నేహితుడి మనసు నొప్పిస్తారు. కొందరు పెదవి విరిచి చాకును మళ్లీ పెట్టెలో పెట్టేస్తారు. కొందరు ఉక్కు రకాలు, కాఠిన్యం అంకెలు ఏకరువు పెట్టి, పాపం, అతను సంతోషంగా కొనుక్కున్న వస్తువును అతని కళ్లముందే ముక్కలు చేస్తారు. ఇంకొందరు మర్యాద కోసం "బ్రహ్మాండంగా ఉంది" అనేస్తారు. ఈ మూడోది మంచితనంలా కనిపిస్తుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది మాత్రం అదే. అతను ఆ చాకును ఇంకెవరికీ చూపించకుండా మనకే చూపించింది మనకు తెలుసునన్న నమ్మకంతో. తెలిసి కూడా ఉత్తుత్తి మెప్పు మెచ్చుకుంటే ఆ నమ్మకాన్ని ఏం చేసినట్టు?

ఈమధ్య హనుమకొండలో చిన్ననాటి దోస్తు ఇంటికి పోయినప్పుడు నాకీ ఘట్టం కొంచెం క్లిష్టంగానే ఎదురైంది. అతను ఆన్‌లైన్‌లో తెప్పించిన చాకు బ్లేడు నిండా నీటి అలల గీతలున్నాయి. "డమాస్కస్ ఉక్కట రా! ఏడు వందలకే వచ్చింది. ఎట్లున్నది చెప్పు" అన్నాడు. వెలుతురులోకి తిప్పి చూశాను. పిడి దగ్గర్నుంచి మొన దాకా గీతలన్నీ ఒకే దూరంలో, ఒకే లోతులో ఉన్నాయి. ఒక అల ఇంకో అలను ఎక్కడా తోసుకుపోలేదు. పదునుపెట్టిన అంచు మొదలయ్యే చోట అన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. లేజరుతో పైపైన వేసిన నగిషీ అది.

అసలు డమాస్కస్ కత్తుల మీది గీతలు ఎవరూ వేసినవి కావు, ఉక్కులోపల పుట్టినవి. ఆ ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. మట్టిమూసలో ఇనుమును కరిగించి నిదానంగా చల్లారనిచ్చి, ఆ ముద్దను అతిగా కాల్చకుండా ఓపికగా సాగగొడితే, గట్టి కార్బైడు రేణువులు లోపల వరసలుగా చేరతాయి. నునుపు చేసి ఆమ్లంతో కడిగితే ఆ వరసలే తెల్లగా, చుట్టూ ఉన్న ఉక్కు నల్లగా తేలతాయి. పైపొర అరగదీసి మళ్లీ కడిగినా గీతలు తిరిగొస్తాయి. ముద్రించిన గీతలు అరగదీస్తే పోతాయి, మళ్లీ రావు. అమెరికాలో లోహశాస్త్రవేత్త వెర్‌హోవెన్, కత్తులు చేసే పెండ్రే కలిసి ఏళ్ల తరబడి పనిచేసి, ఖనిజంలో లేశమాత్రంగా ఉండే వెనేడియం లాంటి మూలకాల వల్లే ఈ వరసలు ఏర్పడతాయని 1998లో రాశారు.

నేనక్కడ నోరు విప్పకుండా ఉండలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఉక్కు ముద్దలు పుట్టిన చోట్లలో ఒకటి మన పక్కనే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం. బ్రిటిష్‌వాళ్ల కాలపు త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశోధకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ అక్కడి కొలుములను కళ్లారా చూసి రాసిపెట్టాడు. అతను పోయాక, 1832లో, ఆ వ్యాసం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలిపి మూసల్లో పెట్టడం, రాత్రింబగళ్లు మంట ఆరకుండా తిత్తులు ఊదడం, బయటికొచ్చిన ముద్దలను మళ్లీ మళ్లీ కాల్చి నెమ్మదిగా చల్లార్చడం, అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికంటే నాకిష్టమైన సంగతి వేరే. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వ్యాపారి ఒకాయన వాయిసీకి ఆ ఊళ్లోనే కనిపించాడు. ఉక్కు కొనుక్కోవడానికి అంతదూరం నుంచి వచ్చి, దగ్గరుండి తూకాలు చూసుకుంటూ, ముద్దలను పరీక్షించుకుంటూ కూర్చున్నాడట. కత్తి తెలిసినవాడంటే నా మనసులో మెదిలే రూపం ఆయనదే. సముద్రం దాటొచ్చి కోనసముద్రం కమ్మరుల పక్కన కూర్చుని వాళ్ల పని చూసినవాడు.

2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి, ఇనుప చిట్టెం కుప్పలు, మూసల పెంకులు ఎక్కడెక్కడున్నాయో నమోదు చేశారు. అంతకు రెండు శతాబ్దాల ముందే భారత ఉక్కు లండన్ చేరింది. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద రాయల్ సొసైటీకి పరిశోధన పత్రం సమర్పించాడు. అప్పుడే స్టొడార్ట్ అనే లండన్ కత్తుల పనివాడు ఆ ఉక్కుతో ఒక చిన్న కలం చాకు చేసి చూశాడు. తర్వాత అదే స్టొడార్ట్, మైకేల్ ఫారడే కలిసి ఆ ఉక్కు రహస్యం తెలుసుకోవడానికి చాలా ప్రయోగాలు చేశారు. ఇంత మహిమ గల లోహాన్ని లండన్‌లో పరీక్షించినవాటిలో కలం చెక్కుకునే చాకు ఒకటన్న సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా నాకు ముచ్చటేస్తుంది.

దోస్తుతో ఇదంతా చెప్పాను. "గీతలు అచ్చు వేసినయి రా, ఉక్కు మామూలుదే. కూరగాయలకు బాగనే పనిచేస్తది. కానీ వాళ్లు నకలు కొట్టిన ఆ గీతలున్నయి చూడు, అవి మన నిజామాబాద్ కొలుముల నుంచి పోయినయి" అన్నాను. అతని ముఖం ఒక్క క్షణం చిన్నబోయిన మాట నిజం. ఆ తర్వాత మాత్రం చాకును పక్కనపెట్టి కోనసముద్రం గురించే అడగడం మొదలుపెట్టాడు. ఎటు పోవాలె, ఇప్పుడక్కడ ఏమున్నది, కమ్మరోళ్లు ఇంకా ఉన్నరా అని. కొన్న వస్తువు నకిలీదని తెలిసినా, దాని కథ తనకు దక్కిందన్న సంతోషం అతనిలో కనిపించింది. నిజం చెప్పొద్దని ఎవరన్నారు? నిజంతో పాటు అతను పట్టుకోవడానికి ఇంకేదైనా చేతికివ్వాలి, అంతే.

ఈ మాటలన్నీ వంటింట్లోంచి వింటున్న అతని భార్య అప్పుడు ఇవతలికి వచ్చింది. "అన్నా, అది ఈయన చూసుకునుటానికే. నేను కోసేది దీంతోని" అని ఇంకో కత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. చేతికివ్వలేదు. కత్తి చేతికిస్తే తగవులొస్తాయని మన ఇళ్లలో ఇప్పటికీ కిందపెట్టే ఇస్తారు కదా. ఐనవోలు మల్లన్న జాతరలో కొన్నదట. ఇనుము నల్లబడి, అక్కడక్కడా నీలంగా మెరుస్తోంది. గడప రాయి మీద నూరీ నూరీ బ్లేడు నడుమ భాగం సన్నబడింది, మొన దగ్గర మాత్రం పాత వెడల్పు అట్లాగే ఉంది. పిడికి రాగితీగ చుట్టి ఉంది. ఆ అరుగుదల చూస్తే ఆమె కత్తిని ఏ వైపు వాల్చి నూరుతుందో, టమాటాలను ఏ భాగంతో కోస్తుందో చెప్పొచ్చు. ఆ ఇంట్లో కత్తి ఎవరిదో నాకప్పుడు తెలిసింది. తెచ్చేది ఒకరు, తరిగేది ఇంకొకరు. అందుకే ఇప్పుడు ఎవరు చాకు చూపించినా నా మొదటి ప్రశ్న ఒకటే: "దీంతోని ఎవరు, ఏం కోస్తరు?" ధర గానీ కంపెనీ గానీ అడగను. అట్లా అడిగితే చూపించినవాళ్లకు చెప్పుకోవడానికి బోలెడుంటుంది, మనకు నేర్చుకోవడానికీ ఉంటుంది.

ఏం కోస్తారన్నదాన్ని బట్టే ఉక్కు మంచిదా చెడ్డదా అన్నది తేలుతుంది. చౌక స్టీలు చాకుల్లో క్రోమియం 13 శాతం దాకా ఉంటుంది, కర్బనం తక్కువ. అందుకే తుప్పు పట్టవు, మెత్తగా ఉంటాయి. గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో జపాన్ చాకులు 60 దాటితే ఇవి 52, 54 దగ్గర ఆగుతాయి. ఆ అంకె చూసి చిన్నచూపు చూసేవాళ్లు ఎండాకాలంలో వరంగల్ మార్కెట్‌లో పచ్చడి మామిడికాయలు కొట్టేవాళ్ల దగ్గర కాసేపు నిలబడాలి. బరువైన కత్తి, ఒక్క వేటుకు టెంకతో సహా రెండు చెక్కలు. వేల రూపాయల జపాన్ చాకుతో ఆ వేటు వేస్తే అంచు పెచ్చులూడిపోతుంది. గట్టిదనం పెరిగేకొద్దీ పెళుసుదనమూ పెరుగుతుంది. మెత్తని ఉక్కు అంచు వంగుతుంది గానీ విరగదు, వంగినదాన్ని రాయి మీద సరిచేసుకోవచ్చు.

ఊళ్లో కమ్మరి చేసే కత్తులు చాలావరకు పాత లారీ కమాను పట్టీలవే. ఆ ఉక్కులో కర్బనం 0.6 శాతం దగ్గర ఉంటుంది. లారీ బరువంతా మోసి, వంగి, తిరిగి నిలబడటానికి తయారైన ఉక్కు అది. దాగలి మీద సమ్మెట దెబ్బలకు సాగి కొడవలో కత్తో అయినా ఆ ఓర్పు పోదు. ఇవి కూడా చౌకవే. ఫ్రాన్సు రైతులు 1890 నుంచి జేబులో వేసుకు తిరుగుతున్న ఒపినెల్ మడతచాకు కూడా చౌకదే, ప్రపంచమంతా కత్తుల ప్రియులు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. తక్కువ ధర కత్తిలో లోపం కాదు. పిడి లోపలికి ఇనుము వేలెడైనా దిగకపోవడం లోపం. బ్లేడు మీద అబద్ధపు పేరు రాయడం లోపం.

మన దగ్గర కత్తి అందరికంటే బాగా తెలిసినవాళ్లు గీత కార్మికులని నా నమ్మకం. రోజులో రెండు మూడుసార్లు తాటిచెట్టెక్కి గెల కొసను పలుచగా చెక్కాలి. అంచు కాస్త మొద్దుబారితే చెక్కు నలిగి కల్లు ధార తగ్గుతుంది. నా చాకొకటి ఒక గౌడన్న చేతిలో పెడితే ఆయన బ్లేడు వైపు చూడనే లేదు. బొటనవేలి గోరు మీద అంచును వాల్చి, జారుతుందా పడుతుందా అని చూసి, "పడుతున్నది, మంచిదే" అని తిరిగిచ్చాడు. పేరు అడగలేదు, ధర అడగలేదు. నేను స్నేహితుల చాకులకు పెట్టే పరీక్ష కూడా ఇప్పుడదే.

పరీక్షలో తప్పితే, అనుమతి అడిగి నూరిపెడతాను. నా దృష్టిలో స్నేహితుడి చాకుకు ఇవ్వదగిన గౌరవం ఇదే. మెచ్చుకోలు కంటే ఎక్కువకాలం నిలుస్తుంది. వెయ్యి నంబరు రాయిని నీళ్లలో నానబెట్టి, చాకు వీపును రాతి మీద నుంచి కొద్దిగా, ఇరవై డిగ్రీలకు మించకుండా ఎత్తి, మడమ నుంచి మొన దాకా ఒకే వాలులో లాగాలి. కాసేపటికి అవతలి వైపు అంచు మీద గరుకు లేస్తుంది. బొటనవేలిని అంచుకు అడ్డంగా, బయటికి జరిపితే తగులుతుంది. అది అంచు పొడవునా తగిలేదాకా వైపు మార్చకూడదు. తర్వాత రెండోవైపు, చివరికి మూడువేల రాయి, ఆపైన పాత తోలు బెల్టు. చౌక ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, త్వరగానే దిగుతుంది. ఆ మాట కూడా చెప్పి, సన్నరాయి ఒకటి ఇంట్లో ఉంచుకోమంటాను. టమాటా పైతోలు మీద బరువు వేయకుండా చాకు దానంతటదే దిగడం మొదటిసారి చూసినప్పుడు ఆ మనుషుల ముఖాలు చూడాలి. ఏడు వందల చాకు అక్కడ ఏడు వేలదానితో సమానంగా నిలబడుతుంది, కొన్నాళ్లకే అయినా.

అడగకపోయినా చెప్పే మాటలు నాకు రెండే ఉన్నాయి. పిడి ఊగుతుంటే ఆ చాకు వాడొద్దంటాను, ఎంత ముద్దుగా కొనుక్కున్నా సరే. రెండోది సాన చక్రం గురించి. వీధిలోకి వచ్చే సానవాళ్లలో చేయి తిరిగినవాళ్లు ఉన్నారు, వాళ్ల పొట్ట కొట్టే మాట నేననను. చక్రానికి బ్లేడును అదిమిపెట్టి, నిప్పురవ్వలు రాలిన చోట అంచు నీలిరంగు తిరిగితే మాత్రం అక్కడ వేడి మూడు వందల డిగ్రీల దగ్గరికి పోయినట్టే. ఇనుప కత్తికి ఆ వేడి తగిలితే కమ్మరి ఎక్కించిన గట్టిదనం అక్కడ దిగిపోతుంది, ఆ మేర అరగదీసేదాకా పదును నిలవదు. మధ్యమధ్య నీళ్లలో ముంచమని చెప్పి పక్కన నిలబడితే చాలు.

హనుమకొండ దోస్తు చాకు నూరాను, వదినగారి జాతర కత్తిని కూడా. దానికి నడుమ వంపు అట్లాగే ఉంచాను, ఆమె చేయి ఆ వంపుకే అలవాటుపడింది. నూరుతుంటే అతను పక్కన కూర్చుని, "మరి అసలు డమాస్కస్ కత్తులు చూడాలంటె యాడికి పోవాలె?" అన్నాడు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉందని, పాతకాలం కత్తులు, బాకులు బోలెడున్నాయని, అక్కడే నూర్జహాన్ పండ్లు కోసుకున్న చాకు కూడా ఉందని చెప్పాను. కత్తుల సంగతి దోస్తు అడిగాడు గానీ, ఆ పండ్ల చాకు చూడాలని ముందుగా అన్నది వదినగారే. శుక్రవారం మ్యూజియానికి సెలవు. శనివారం పొద్దున కాజీపేటలో రైలెక్కుతున్నాం.