తాళం వదిలేసిన చోట వాద్యకారుడి కాగితం

వాద్యబృందమంతా ఒకే లెక్కకు వాయిస్తున్నప్పుడు కాగితంలో చిన్న లోపమున్నా కండక్టరు చెయ్యి సర్దేస్తుంది. ఎవరి వేగంలో వారు వాయించే స్వేచ్ఛాలయ సంగీతంలో ఆ ఆసరా ఉండదు. వాద్యకారుడికి తన ముందున్న పార్టే, అంటే తన వాద్యానికి మాత్రమే రాసిన కాగితమే, దిక్కు.

పోలండ్ స్వరకర్త విటోల్డ్ లూతోస్వావ్‌స్కీ 1960లో జాన్ కేజ్ పియానో కన్సర్టోను రేడియోలో విన్నాక ఈ దారి పట్టారు. 1964 నాటి స్ట్రింగ్ క్వార్టెట్‌కు ఆయన మొదట అందరి భాగాలనూ కలిపి చూపే స్కోరే రాయలేదు, నాలుగు పార్టులు మాత్రమే ఇచ్చారు. స్కోరులో ఒకదాని కింద ఒకటి పడిన స్వరాలు కలిసి మోగాలని చదివేవారు అనుకుంటారని ఆయన భయం. అది న్యాయమైన భయమే. చివరికి స్కోరు కోసం ఆయన భార్య దనూతా ఉపాయం చెప్పారు: ఒక్కొక్కరి భాగాన్ని విడివిడి గళ్లలో అమర్చారు.

పార్టు తయారుచేసేవారు ముందు తేల్చాల్సింది మొదలూ ముగింపూ. గడిలో ఒక పదబంధం రాసి, పక్కన బాణం గీసి, ‘రెండో సైగ దాకా మళ్లీ మళ్లీ’ అంటే సరిపోదు. కండక్టరు సైగ పడగానే స్వరం మధ్యలోనే ఆపాలా, పదబంధం పూర్తిచేసి ఆపాలా? అది రాయకపోతే పదిమంది పది రకాలుగా ఆపుతారు. సైగల సంఖ్యలు పెద్దవిగా ఉండాలి, అన్ని పార్టుల్లోనూ ఒకటే కావాలి. తోటివారి స్వరం విని మొదలుపెట్టాల్సి వస్తే, ఆ కుర్చీలోంచి నిజంగా వినబడే వాద్యాన్నే ఎంచుకోవాలి. మూల ఉన్న వయోలా కన్నా ట్రంపెట్ నయం.

బార్ గీతలు లేవు కనుక షార్పు, ఫ్లాటు గుర్తులు ప్రతి స్వరానికీ విడిగా వేయాలి. స్వరాల మధ్య దూరమే కాలాన్ని చూపిస్తుంటే కంప్యూటర్‌ను నమ్మకూడదు. వరుస నిండేలా అది దూరాలను సాగదీస్తుంది, దాంతో కాలమూ సాగుతుంది.

పేజీ తిప్పడం అన్నిటికన్నా కష్టం. ఎన్నిసార్లు వాయించాలో తెలియని భాగంలో చెయ్యి ఖాళీ అయ్యే క్షణం ముందే తెలియదు. ఆ భాగమంతా ఎదురెదురు పేజీల్లోనే ఇమడాలి. అందుకోసం అర పేజీ ఖాళీగా వదిలినా నష్టం లేదు.

రిహార్సల్‌లో వాద్యకారులు అడిగే ప్రతి ప్రశ్ననూ రాసుకుని, జవాబును పార్టులో ఆ ప్రశ్న పుట్టిన చోటే చేర్చాలి.