‘వల్ల’కూ ‘తో’కూ నడుమ: యువ మధుమేహుల రక్తపోషకాలు – తెలుగు వైద్యవచనం

తెలుగు వైద్యవచనంపై వచ్చిన చర్చ చాలావరకు పరిభాషకే పరిమితమైంది. ఏ ఆంగ్లపదానికి ఏ తెలుగుపదం తగినదన్న దగ్గరే విమర్శ ఆగుతున్నది. విభక్తుల జోలికి పెద్దగా పోలేదు. యువ మధుమేహులపై జరిగే పరిశోధనలు తెలుగులోకి వచ్చే తీరును గమనిస్తే, చిక్కు పదంలో కంటె ప్రత్యయంలోనే ఎక్కువగా ఉన్నదని తెలుస్తుంది.

చిన్న వయసులో వచ్చే మధుమేహాన్ని నమోదుచేసి పరిశీలించే పని అమెరికాలో ‘సెర్చ్’ అధ్యయనం పేరుతో 2000లోనూ, మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 2006లోనూ మొదలైంది. ఈ రంగంలోని ప్రశ్నల్లో ఒకటి: రక్తంలో విటమిన్ డి, కెరోటినాయిడ్ల వంటి పోషకాల స్థాయికీ, పొట్ట చుట్టూ పేరుకొనే కొవ్వుకూ సంబంధం ఏమిటి? ఒకే సమయంలో రక్తనమూనానూ పొట్ట కొలతనూ తీసుకొని పోల్చే పరిశీలన సాహచర్యాన్ని మాత్రమే చెప్పగలదు. పొట్ట ఎక్కువున్నవారిలో ఫలానా పోషకం తక్కువగా కనిపించిందనే వరకే దాని అధికారం. ఆరోగ్యపుటకు చేరేసరికి ఇటువంటి ఫలితం తరచుగా ‘ఫలానా పోషకం తగ్గడం వల్ల పొట్ట పెరుగుతుంది’ అనే మూసలో పడుతుంది.

ఇక్కడ జరిగింది విభక్తి మార్పు. సహార్థంలో తోడవర్ణకాన్ని చిన్నయసూరి బాలవ్యాకరణంలోనే విధించాడు. ‘వలన’ పంచమి, నేటి వచనంలో దాని ‘వల్ల’ రూపం ప్రధానంగా హేతువాచి. మూలపరిశోధన తృతీయలో మాట్లాడితే అనువాదం పంచమిలో మాట్లాడుతున్నది. కలిసి ఉన్న రెండింటిలో ఒకటి కర్త, మరొకటి ఫలం అయిపోతున్నాయి.

శరీరధర్మం మాత్రం ఇంత సులువైన వాక్యానికి లొంగదు. విటమిన్ డి, కెరోటినాయిడ్లు కొవ్వులో కరిగే పదార్థాలు. శరీరంలో కొవ్వు ఎక్కువైనకొద్దీ అవి అందులో నిలవై రక్తంలో పలచబడవచ్చు. అప్పుడు పొట్టే కారణం, పోషకం తగ్గడం ఫలితం. లేదా ఆకుకూరలు, పండ్లు తక్కువగా తినడం, ఎండలో తిరగకపోవడం రెండింటికీ మూలం కావచ్చు. ‘తో’ అనే ప్రత్యయంలో ఈ అవకాశాలన్నీ ఇముడుతాయి. ‘వల్ల’ ఒక్కదానికే చోటిస్తుంది.

ఇది వ్యాకరణ పట్టింపు మాత్రమే అయితే ఉపేక్షించవచ్చు. కాని ‘తగ్గడం వల్ల’ అని చదివిన పాఠకుడు వెంటనే వెదికేది మాత్ర. ఫిన్లండులో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు తీసుకొన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా సుమారు 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. మధుమేహానికి ముందుదశలో ఉన్న 2,423 మంది పెద్దలకు రోజుకు 4,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చిన అమెరికా పరీక్షలోనూ వ్యాధి గణనీయంగా తగ్గినట్లు రుజువు కాలేదు. ఆ ఫలితం 2019లో వెలువడింది. ఇవి యువ మధుమేహులపై జరిగినవి కావు. అయినా సాహచర్యాన్ని హేతువుగా చదివితే చికిత్స ఎంత దారితప్పగలదో చూపుతాయి.

టైప్ 1 మధుమేహం విషయంలో ప్రమాదం మరీ పెద్దది. అది శరీర రక్షణవ్యవస్థే క్లోమంలోని ఇన్సులిన్ కణాలను నాశనం చేయడంతో వచ్చేది; తిండిలోని తప్పుతో వచ్చేది కాదు. ఇన్సులిన్ మానితే ప్రాణాపాయం. అటువంటి పిల్లల గురించి ‘పోషకలోపం వల్ల’ అని రాసినప్పుడు ‘లోపం’ అనే మాటకున్న రెండో అర్థం కూడా మేల్కొంటుంది. తెలుగులో లోపమంటే కొరత మాత్రమే కాదు, తప్పు కూడా. ఆ తప్పు సాధారణంగా తల్లి వంటగది మీదికే పోతుంది.

పొట్టను సూచించే పదాలదీ ఇటువంటి కథే. ‘బొజ్జ’లో ముద్దు ఉన్నది; ‘ఉదర స్థూలకాయం’లో గాంభీర్యం తప్ప స్పష్టత లేదు. ‘నడుము చుట్టుకొలత’ అనేది మరింత తికమక. నడుమంటే చాలామందికి ప్యాంటు కట్టే చోటు, లేదా నొప్పి పుట్టే వీపుభాగం. వైద్యులు కొలిచేది చివరి పక్కటెముకకూ తుంటియెముక పైఅంచుకూ మధ్యన. దక్షిణాసియా పెద్దలలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ఎక్కువని లెక్క. ఎదిగే పిల్లలకు ఈ అంకెలు వర్తించవన్న మాట కూడా అక్కడే రాయాలి.

సుశ్రుతుడు ప్రమేహాన్ని సహజం, అపథ్యనిమిత్తం అని విభజించి, మొదటిదానికి కృశుణ్ణి, రెండోదానికి స్థూలుణ్ణి చూపాడు. ఆ జంట నేటికీ తెలుగు వైద్యరచనలో గట్టిగా పాతుకొన్నది. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ఇచ్చి దీనికి భిన్నమైన మూడో మనిషిని చూపారు. ఇద్దరి బీఎంఐ 22.3, కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. చూడటానికి కృశుడు, లోపల స్థూలుడు. ఈ మనిషికి తెలుగులో ఇంకా స్థిరమైన పేరు లేదు. సన్నగా ఉన్న యువకుడికి పొట్ట కొలవనవసరం లేదన్న భ్రమ నిలవడంలో ఈ పేరులేమికీ పాలున్నది.

‘సహసంబంధం’ వంటి మాటను సామాన్య పాఠకుడు మోయలేడని ఆరోగ్యపుటల రచయితలు అనవచ్చు. ఆ మాట అక్కరలేదు. ‘పొట్ట ఎక్కువగా ఉన్న యువ మధుమేహులలో ఈ పోషకం తక్కువగా కనిపించింది, ఏది ముందో, ఏది వెనుకో ఈ పరిశీలన చెప్పలేదు’ అన్న వాక్యంలో కొత్త పరిభాష ఒక్కటీ లేదు. దానికి అదనంగా కావలసింది ఆరోగ్యపుటలో ఒక వరుస చోటు.