సంతకము ఉత్తరముమీదనా, కవరుమీదనా?

పరవాడలో ఇంటివద్ద కూర్చుండి విదేశ విజ్ఞానపత్రికలోని ఒక వ్యాసమును చదువగోరితిమనుకొందము. పత్రికవారు మనలను ఎరుగరు. మన విద్యాసంస్థ ఎరుగును. కావున పత్రికవారు బ్రౌజరు చేతికి ఒక చీటీ యిచ్చి, "ఈ వచ్చినవారెవరో కనుగొని తెలుపుడు" అని మన సంస్థ లాగిన్ పుటకు పంపుదురు. రహస్యపదమును సంస్థ మాత్రమే చూచి, జవాబు వ్రాయును. గాంధీనగరమందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రమువారి ‘ఇన్‌ఫెడ్’ ఏర్పాటు ఇట్టిదే. ఈ చీటీల భాషను ‘సామెల్’ అందురు. దాని రెండవ కూర్పును ఒయాసిస్ అను ప్రమాణసంస్థ 2005 మార్చిలో వెలువరించినది.

చీటీ దారిలో మారలేదని తెలియుటకు దానికి సంతకము చేయుదురు. చీటీలోని అక్షరములను, పంపువాని రహస్యపు తాళపుచెవిని కలిపి కట్టిన లెక్కయే ఈ సంతకము. ఒక్క అక్షరము మారినను లెక్క తప్పును. సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు వ్రాయువారు పొరబడునది ఇచ్చటనే. (లైబ్రరీ యనగా ఇచట పుస్తకముల ఇల్లు కాదు; పలువురు తమ ప్రోగ్రాములలో వాడుకొను సిద్ధభాగముల కట్ట.)

చీటీని ఫారముగా పంపినచో సంతకము ఎక్స్‌ఎంఎల్ పత్రము లోపల నుండును. చిరునామా వెంట పంపినచో విధానము వేరు. పత్రమును కుదించి, బేస్64 లిపిలోనికి మార్చి, చిరునామాలో చెల్లని గుర్తులను మరల మార్చి, అట్లు తేలిన పంక్తిమీద సంతకము చేయవలెను, లోపల సంతకముండరాదు. అనగా మొదటిది ఉత్తరముమీది సంతకము, రెండవది కవరుమీది సంతకము. ఒకే ప్రోగ్రామును రెంటికిని వాడిన లైబ్రరీ లోపల చక్కగా సంతకము చేసి పంపును. అందుకొన్నవాడు కవరు చూచి, సంతకము లేదని త్రిప్పికొట్టును. లోపమెక్కడనో ఇరువురికిని తెలియదు! కవరుమీది అంశములకు వరుసయు నియతమే: అభ్యర్థన, పిదప రిలేస్టేట్ అను తిరుగు గుర్తు, పిదప సంతకపద్ధతి పేరు.

ఇంతకంటె సూక్ష్మమైన తప్పు మరియొకటి. చిరునామాలో ఏటవాలు గీతకు బదులు శాతపు గుర్తు, 2, ఎఫ్ అని వ్రాయుదురు. ఎఫ్ పెద్ద అక్షరమైనను చిన్నదైనను అర్థమొకటే. సంతకమునకు మాత్రము అవి రెండు. వచ్చిన పంక్తిని విప్పి, తన అలవాటు చొప్పున మరల కట్టి పరీక్షించు లైబ్రరీ అసలైన సంతకమునే దొంగదనును. మైక్రోసాఫ్ట్‌వారి ఎ.డి.ఎఫ్.ఎస్. చిన్న అక్షరము వ్రాయును. పిహెచ్‌పి-సామెల్ లైబ్రరీ పెద్దది వ్రాయును. ఇందుకై ఆ లైబ్రరీలో ‘చిన్న అక్షరములు’ అను మీట యొకటి పెట్టిరి. ఇది నాకు నచ్చలేదు. రేపొకడు కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి వ్రాసినచో ఏ మీట త్రిప్పవలెను? వచ్చిన పంక్తిని వచ్చినట్లే పరీక్షింపవలెనని ప్రమాణమే శాసించుచున్నది. పంక్తిని యథాతథముగా తీసికొను ఏర్పాటును ఆ లైబ్రరీలోనే కలదు. అసలు మందు అది. ఇంత ముఖ్యమైన విధిని కొలది వాక్యములతో దాటించుట ప్రమాణపత్రము దోషము.

లాగిన్ ఆగినపుడు కొందరు పరీక్షనే కట్టివేయుదురు. "ఇది అభ్యర్థనయే కదా, జవాబుమీద సంతకమున్న చాలు" అందురు. ఈ వాదములో కొంత నిజమున్నది. ముందుగా నమోదైన చోటికే సంస్థ జవాబు పంపును. కాని అభ్యర్థనలో "రహస్యపదమును మరల అడుగుము" అను మాట యుండవచ్చును. కళాశాల ప్రయోగశాలలో ఒకరు లాగిన్ విడువక లేచిపోయిరి. తరువాత కూర్చున్నవాడు చిరునామాలోని చీటీనుండి ఆ మాటను తొలగించును. సంస్థ సంతకమును తప్పనిసరి చేయనిచో, జవాబులోని లాగిన్ వేళను పత్రికవారును చూడనిచో, రహస్యపదము లేకయే అతడు మరొకరి పేర లోపలికి పోవును.

తాను చేసిన సంతకమును తానే పరీక్షించుకొని ‘సరి’ యను లైబ్రరీకి ఈ తప్పులేవియు కనబడవు. కట్టినదియు విప్పినదియు ఒకే చేయి. నేను క్రొత్త లైబ్రరీని తీసికొనునపుడు, ఇతరులు చేసిన సంతకములతో దానిని పరీక్షించిరా అని మొదట చూతును.